పెరడు దాటి ఏదీ పోయేది కాదు

మా అమ్మమ్మగారి ఊరు కోనసీమలో ఉంది. అంబాజీపేటకి సైకిలు మీద వెళ్లొచ్చేంత దూరం. గౌతమికీ వసిష్ఠకీ మధ్య నేల, ఎటు చూసినా కొబ్బరి తోటలే. నా చిన్నప్పటి వేసవి సెలవులూ సంక్రాంతులూ అక్కడే గడిచాయి. ఇప్పుడు ఎవరైనా పర్యావరణం గురించి, భూమిని కాపాడుకోవడం గురించి మాట్లాడితే నా మనసు ముందు ఆ పెరట్లోకే పోతుంది. అమ్మమ్మ ఎప్పుడూ ఆ మాటలు అనలేదు. ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువూ వాడాక ఎటు వెళ్లాలో మాత్రం ఆవిడకి తెలుసు. ఆ దారులన్నీ గుర్తున్నంత వరకు రాసి పెట్టుకోవాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

కొబ్బరితోనే మొదలుపెడతాను. అక్కడ ఏది మొదలుపెట్టినా కొబ్బరితోనే.

రెండు నెలలకోసారి దింపు, అంటే చెట్టెక్కి కాయలు కోసి దించడం, ఉండేది. తెల్లవారకముందే దింపు మనిషి వచ్చేవాడు. నడుముకి కత్తి, కాళ్లకి బంధం. చెట్టు మీద నుంచే అమ్మమ్మతో మాట్లాడేవాడు: "అమ్మగారూ, ఈ గెల ఇంకా ముదర్లేదండి, పైదింపుకి ఉంచేద్దామండి." "అలాగే ఉంచు. ఎండు కమ్మలు మాత్రం కొట్టెయ్, పిల్లలు కింద తిరుగుతున్నారు" అని ఆవిడ కింద నుంచి. కాయలు వాకిట్లో గుట్టపడ్డాక ఒలుపు. నేలలో పాతిన ఇనప మొనకి కాయని గుచ్చి, రెండు మూడు తిప్పుల్లో పైనున్న పీచు డొక్క విడదీసేవాళ్లు. ఒలిచిన కాయలు అంబాజీపేట మార్కెట్టుకి వెళ్లేవి. కొన్ని మాత్రం అటక మీదకెక్కి, నెలల తరబడి ఎండి, లోపల కొబ్బరి చిప్పని వదిలేసి గుండ్రంగా కదులుతుంటే కురిడీ అయ్యేది. చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల గుడగుడలాడుతోందా లేదా చెప్పడం పిల్లల పని.

కాయలు అమ్మాక మిగిలిందంతా ఇంటిది. డొక్కలు కొన్ని పీచు తీసేవాళ్లకి పోయేవి, కొన్ని ఎండబెట్టి పొయ్యికి. పీచులో ఒక గుప్పెడు ఎప్పుడూ అంట్లు తోమే చోట ఉండేది. పొయ్యిలోని బూడిద, ఈ పీచు, అంతే. ఇత్తడి గిన్నెలకైతే కూరలో పిండేసిన చింతపండు పిప్పి. చిప్పల్లో మంచి గుండ్రటివి ఏరి, రెండు కన్నాలు పెట్టి, వెదురు పుల్ల దూర్చి గరిటెలు చేయించేది అమ్మమ్మ. ఊరగాయ జాడీలకి ఆ గరిటెలే. లోహం తగిలితే ఊరగాయ పాడవుతుందనేది. మిగతా చిప్పలు కాల్చి బొగ్గు చేస్తే అది తాతయ్య ఇస్త్రీ పెట్టెలోకి. చిప్ప బొగ్గు వేడి చాలాసేపు నిలుస్తుంది. ఒక్కసారి వేస్తే రెండు పంచెలూ రెండు చొక్కాలూ అయిపోయేవి.

కమ్మలు వాకిట్లో పడ్డాక మధ్యాహ్నాలు ఆడవాళ్లంతా నీడన కూర్చుని ఈనెలు తీసేవాళ్లు. కత్తిపీటకి ఆనించి సర్రున లాగితే ఆకు ఒక పక్కకి, ఈనె ఒక పక్కకి. ఈనెలు కట్ట కడితే వాకిలి చీపురు. ఆ చీపురు జీవితం నాకు బాగా గుర్తు. కొత్తగా పొడుగ్గా ఉన్నప్పుడు వాకిలి ఊడ్చేది. కొంచెం అరిగాక పశువుల పాక. ఇంకా అరిగి గిడసబారాక తొట్టి అడుగున పాచి రుద్దడానికి. ఆఖరికి నీళ్ల కాగు కింద. అమ్మమ్మ చీపురుని నేరుగా పొయ్యిలో పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. పాకలో వాడాల్సిన చీపురుతో ఎవరైనా వాకిలి ఊడిస్తే కోప్పడేది.

అల్లిన కమ్మలు దడికీ, పెళ్లి పందిళ్లకీ. మట్టలు పొయ్యికి. మంచి మట్ట దొరికితే దాన్ని చెక్కి బ్యాటు చేసుకోవడం మా హక్కు, దానికి ఎవరూ అడ్డు చెప్పేవారు కాదు. సెలవులయ్యాక ఆ బ్యాటు కూడా పొయ్యిలోకే పోయేదని మాకు తెలుసు, అయినా వచ్చే ఏటికి ఇంకోటి ఉంటుందనే ధీమా.

ఇక్కడ 1996 గురించి చెప్పాలి. ఆ ఏడాది నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమని ఊడ్చేసింది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. రోడ్లు తెరుచుకున్నాక అమ్మా నేనూ వెళ్లాం. దారి పొడవునా చెట్లు ఒకే వైపుకి వాలి పడి ఉన్నాయి. అమ్మమ్మ తోటలో నిలబడి ఉన్న చెట్లు చాలా తక్కువ. అమ్మ ఏడుస్తోంది. అమ్మమ్మ ముందు రోజే ఏడ్చేసి ఉంటుంది, మేం వెళ్లేసరికి మాత్రం పనిలో ఉంది. పడిన చెట్ల తలలోని లేత మొవ్వు తీయించి వీధిలో పిల్లలందరికీ పంచుతోంది. కొబ్బరి మొవ్వు తియ్యగా, మెత్తగా ఉంటుంది. చెట్టు పోతేనే దొరుకుతుంది కాబట్టి దాని రుచి తెలిసినవాళ్లకి అది దుఃఖపు రుచే. ముదిరిన కాయలు ఏరించింది. లేతవి గేదెలకి పెట్టించింది. గట్టి మొద్దులు చూసి పాకకి దూలాలుగా కోయించింది. రెండు మొద్దులు పక్కపక్కన వేయించి బోదె (చిన్న కాలవ) మీద దాటడానికి వంతెన చేయించింది. ఆ వంతెన మీద నేను చాలా ఏళ్లు నడిచాను. ఊరంతా చెట్లే పడ్డాయి కదా, మిగిలిన మొద్దులు అడిగేవాళ్లు లేక కారుచౌకగా ఇటుక బట్టీలకి పోయాయి.

మర్నాటి నుంచి గుంతలు. దేశవాళీ కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అమ్మమ్మకి అప్పటికి అరవై అయిదు దాటింది. తుఫానులో వచ్చిన చెత్తాచెదారం, కుళ్లిన ఆకు, ఎందుకూ పనికిరాని డొక్కలు అన్నీ ఆ గుంతల అడుగున వేయించి, వాటి మీద మొక్కలు పెట్టించింది. డొక్క నీళ్లు పట్టి ఉంచుతుంది, వేసవిలో మొక్కకి ఆసరా. ఇది ఎక్కడో చదివి తెలుసుకున్నది కాదు, ఆ నేల మీద అందరికీ తెలిసిన విషయమే.

నీళ్ల దగ్గర కూడా ఇదే పద్ధతి. కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి ఆ నేలకి కాలవ నీళ్లే ప్రాణం. కానీ వేసవిలో మరమ్మతులకీ పూడిక తీయడానికీ కాలవలు కట్టేసేవారు. కట్టేసే ముందే ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలే దాకా అదే ఆధారం. గోదావరి జిల్లాల్లో నీళ్లకి కరువేమిటి అనుకుంటారు చాలామంది. కట్టేసిన కాలవ చూసినవాళ్లు అలా అనుకోరు. కొత్త నీళ్లు వచ్చినప్పుడు ఎర్రగా మట్టి రంగులో ఉండేవి. బిందె లోపలి అంచుకి చిల్లగింజ అరగదీసి వదిలేస్తే కాసేపటికి మట్టంతా అడుక్కి దిగిపోయేది. పైన తేట నీళ్లు వడకట్టుకుని తాగేవాళ్లం. అడుగు నీళ్లు పారబోసేవాళ్లు కాదు, తులసి కోటలోకో, బంతి మొక్కలకో.

స్నానాల దొడ్డి నుంచి చిన్న కాలవ తీసి అరటి పాదుల్లోకి వదిలారు తాతయ్య. ఆ పక్కనే కంద, చేమ. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు అన్నీ కుడితి తొట్టిలోకి, అక్కడి నుంచి గేదె కడుపులోకి. తలంటుకి కుంకుడుకాయలే. కొట్టి గింజ తీసి వేడినీళ్లలో నానేసి పిసికితే చిక్కటి నురగ. ఆ నీళ్లు అరటికి పోయినా దానికి ఏమీ అయ్యేది కాదు, ఎందుకంటే అది చెట్టు నుంచి వచ్చిన నురగే. ఇప్పుడు మన స్నానాల గదుల నుంచి పోయే నీళ్లు ఏ పాదులోకి వదలగలం?

వంటింటి సంగతి రాయాలంటే ఇది చాలదు, అయినా కొంత రాస్తాను, నాకు అక్కడే ఎక్కువ ఇష్టం.

బీరకాయ కూర వండిన రోజు బీరపొట్టు పచ్చడి తప్పనిసరి. ఆనపకాయ తొక్కా అంతే. అరటి గెల కోసేశాక చెట్టు ఎలాగూ కొట్టేయాలి కదా, అప్పుడు కాండం లోపలి మెత్తటి దూట తీసి సన్నగా తరిగి మజ్జిగలో వేసి పెరుగుపచ్చడి చేసేది. పువ్వు వొలుచుకోవడం పెద్ద పని. ఒక్కో రేక లోంచి ఒక్కో పువ్వులో గట్టి పుల్ల లాంటి దొంగను తీసి పారేస్తూ కూర్చోవాలి. ఆ పని మా ముగ్గురు అక్కచెల్లెళ్లదీ. తీసిన దొంగలూ ఎర్ర రేకలూ గేదెకి. పనసకాయ కొట్టిస్తే పొట్టు కూరకి, తొనలు తినడానికి, గింజలు నిప్పుల్లో కాల్చుకోవడానికి, పైతొక్క మళ్లీ గేదెకే. మామిడి టెంకలు పగలగొట్టి జీడి ఎండబెట్టి ఉప్పు వేసి దాచేది. కడుపునొప్పంటే అదే మందు. నెయ్యి కాచిన గిన్నె అడుగున మిగిలిన గసిలో వేడన్నం కలిపి ముద్దలు పెట్టేది. ఆ ముద్ద కోసం మేం కొట్టుకునేవాళ్లం.

రాత్రి మిగిలిన అన్నం గురించి ఎవరూ దిగులు పడేవారు కాదు. వేసవిలో తరవాణి కుండ ఉండేది. గంజిలో అన్నం వేసి రోజూ కొంచెం తీస్తూ, కొంచెం కలుపుతూ ఉంటే అది పులిసి కమ్మగా తయారవుతుంది. పొద్దున్నే అందులో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఆవకాయ బద్ద. తోటలో పనికి వచ్చినవాళ్లూ, మేమూ, తాతయ్యా అందరం అదే తాగేవాళ్లం. మధ్యాహ్నం దాకా దాహం వేసేది కాదు. నేనోసారి పళ్లెంలో అన్నం వదిలేసి లేస్తుంటే, "అది వదిలేస్తే ఎవరు తినాలే? తినలేకపోతే ముందే చెప్పాలి, పెట్టుకున్నాక కాదు" అంది. కోపంగా కాదు, విషయం చెప్పినట్టే చెప్పింది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఒక నివేదిక ఇచ్చింది. 2022లో ప్రపంచమంతటా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందనీ, అందులో దాదాపు 60 శాతం ఇళ్లలోనే పోయిందనీ అందులో ఉంది. హోటళ్లూ పెళ్లిళ్లే ఎక్కువ పారేస్తాయని నేను అనుకునేదాన్ని. మన వంటిళ్లే ఎక్కువ. అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది తరవాణి కుండే. మిగిలిన అన్నానికి ఆ ఇంట్లో తెల్లారేసరికల్లా ఎదురుచూసే చోటు ఒకటి సిద్ధంగా ఉండేది.

కొట్టుకి వెళ్లడం గురించి కొంచెమే. తాతయ్య పాత ప్యాంటు గుడ్డతో కుట్టిన సంచి తలుపు వెనక మేకుకి వేలాడేది. నూనెకి సీసా వేరే. కొట్లో కందిపప్పు, జీలకర్ర న్యూస్‌పేపరు పొట్లాల్లో కట్టి పురికొస చుట్టి ఇచ్చేవారు. ఇంటికొచ్చాక పురికొస విప్పి చుట్టకి చుట్టుకునేది అమ్మమ్మ, కాగితం మడిచి పరుపు కింద. ఏడాది చివర నోటుపుస్తకాల్లో రాయని పేజీలన్నీ చింపి, ఆ పురికొసతోనే కుట్టి రఫ్ బుక్ చేసి ఇచ్చేవారు తాతయ్య. టెక్స్టు బుక్కులు పైక్లాసు వాళ్ల దగ్గర సగం ధరకి కొని, మళ్లీ కిందిక్లాసు వాళ్లకి ఇంకాస్త తక్కువకి అమ్మేవాళ్లం. పెళ్లిళ్లకి అరటాకులు, లేదంటే అడ్డాకు విస్తళ్లు. అడ్డాకులు మన ఏజెన్సీ కొండల్లో గిరిజనులు ఏరినవి. తిన్నాక ఆ విస్తళ్లు పెంటకుప్ప మీదకి పోతే వానాకాలానికి మట్టిలో కలిసిపోయేవి. ఆ పెంటకుప్ప వేసవిలో బండికెత్తి చేలోకి తోలేవారు. చేలోంచి వచ్చింది చేలోకే.

బట్టల గురించి మాత్రం నెమ్మదిగా చెబుతాను.

తాతయ్య పంచె పాతబడితే ముందు తువ్వాళ్లయ్యేది. ఇంకా మెత్తబడితే పసిపిల్లలకి పొత్తిగుడ్డలు. మా తమ్ముడు పుట్టినప్పుడు కొత్త గుడ్డ వాడొద్దని, పదిసార్లు ఉతికిన గుడ్డయితేనే పసి ఒంటికి హాయి అని అమ్మమ్మ ఒక మూట కట్టి పంపింది. ఆ తర్వాత మజ్జిగ వడకట్టే గుడ్డ, ఆ తర్వాత మసిగుడ్డ. శుభ్రమైన ముక్కలు ఉంటే దీపం వత్తులు. చీరలయితే మాకు లంగాలు, ఊయలలు, తర్వాత బొంతలు.

బొంత కుట్టడం ఒక్కరి పని కాదు. ధనుర్మాసం చలికి ముందు, కార్తీకంలో మొదలుపెట్టేవాళ్లు. నాలుగైదు పాత నేత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, రంగు పోనిది పైకి వచ్చేలా చూసుకుని, నలుగురు నాలుగు మూలలా కూర్చుని లావు సూదులతో మధ్యలోకి కుట్టుకుంటూ వచ్చేవాళ్లు. పక్కింటి అత్తయ్యగారు తన సీమంతం చీర తెచ్చి ఇచ్చారోసారి. ఎదురింటి పిన్నిగారిది పెళ్లిలో పెట్టిన చీర. బొంత కప్పుకుంటే ఏ ముక్క ఎవరిదో చెప్పేది అమ్మ. వీధిలో సగం మంది ఆడవాళ్లు మా మీద కప్పుకుని ఉండేవారు. ఆ బొంత చినిగితే దాని మీదే ఇంకో చీర వేసి కుట్టేవాళ్లు. అందుకే అవి అంత బరువు.

ఇదంతా నేత బట్ట కాబట్టి సాధ్యమైంది. నా బీరువాలో ఉన్న పాలిస్టరు డ్రెస్సుల్లో ఏది పొత్తిగుడ్డ అవుతుంది, ఏది వత్తి అవుతుంది? ఉతికిన ప్రతిసారీ వాటి నుంచి కంటికి కనిపించని ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయి. అందుకని ఈమధ్య బట్టలు తక్కువ కొంటున్నాను, కొన్నవి నేతవే కొంటున్నాను. మంగళగిరి చీరకి అయిదు జీవితాలు ఉంటాయన్న నమ్మకంతో కొంటున్నాను కాబట్టి ధర ఎక్కువని అనిపించదు.

ఆ రోజులన్నీ బంగారమని మాత్రం నేను రాయను. ఆ పొయ్యి పొగకి అమ్మమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగా, నీళ్లు కారుతూ ఉండేవి. దగ్గు ఆవిడతోనే పోయింది. గ్యాస్ వచ్చినప్పుడు ఆవిడ సంతోషించినంతగా ఇంకెవరూ సంతోషించలేదు. బూడిదతో గుండిగలు తోమి తోమి అత్తయ్య వేళ్లు పగుళ్లు పట్టేవి. ఏదీ వృథా కాని ఆ ఇల్లు అలా నడిచింది తెల్లవారుజామున లేచి రాత్రి పడుకునేదాకా ఆడవాళ్లు, పాకలో పనివాళ్లు చేసిన చాకిరీ వల్ల. తాతయ్య కాలవ తీశారు, సంచి గుడ్డ ఇచ్చారు. రోజూ చేసింది మాత్రం అమ్మమ్మే. ఇప్పుడు మనం మళ్లీ అలవాట్లు మార్చుకుందాం అంటే ఆ పని మొత్తం మళ్లీ ఇంట్లో ఆడవాళ్ల మీదే పడకూడదు. ఈ విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను. మా ఇంట్లో తడిచెత్త డబ్బా మా ఆయనది. సంచులు మరిచిపోకుండా చూసుకోవడం మా అబ్బాయిది.

మన తరం బద్ధకస్తుల తరం, అందుకే ఇంత చెత్త అంటారు చాలామంది. నాకలా అనిపించదు. హైదరాబాదులో ఫ్లాటుకి వచ్చిన కొత్తలో బీరపొట్టు పచ్చడి నేనూ చేశాను. కానీ అరటి తొక్కలు ఎవరికి పెట్టను? గేదె లేదు. బూడిద లేదు, పొయ్యి లేదు. స్నానం నీళ్లకి పాదు లేదు. బొంత కుట్టడానికి మధ్యాహ్నం ఇంట్లో ఉండే పక్కింటివాళ్లు లేరు. వస్తువు అదే, మనిషీ దాదాపు అదే, దాని తర్వాతి చోటు పోయింది. అందుకని అంతా కవర్లో కట్టి గుమ్మం బయట పెడితే బండి వచ్చి తీసుకుపోతుంది. తీసుకుపోయేది నగరం అవతలి జవహర్‌నగర్ చెత్త డంపుకి. ఆ గుట్టల పక్కన బతికేవాళ్లకి వాసనా, బోర్లలో రంగు మారిన నీళ్లూ మన ఇళ్ల నుంచి వెళ్లినవే. తడిచెత్త గాలాడకుండా గుట్టపడితే మీథేన్ వస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఆ తొక్కలే గేదె తొట్టిలోకో పాదులోకో పోతే ఆ గుట్టే ఉండదు.

అలవాట్లు ఒక్క మనిషికి ఉంటే సరిపోవు, వాటికి చోటు కావాలని నాకు అర్థమైంది అప్పుడే. చోటు కావాలంటే పదిమంది కలవాలి.

మా అపార్టుమెంటులో డాబా మీద డ్రమ్ములు పెట్టాం. మీటింగులో మొదటి ప్రశ్న వాసన గురించి, రెండో ప్రశ్న ఎలకల గురించి. న్యాయమైన ప్రశ్నలే. పక్కలకి గాలి కోసం కన్నాలు పెట్టించాం. ఒక పొర తడిచెత్త వేస్తే దాని మీద ఒక పొర ఎండుటాకులో కొబ్బరి పీచు పొట్టో వేస్తాం. మొదట్లో ఒక గ్లాసు పుల్లమజ్జిగ చల్లాం. వండిన కూరలూ నూనెలూ వేయనివ్వం. పిడికిట్లోకి తీసుకుని నొక్కితే చెమ్మగా ఉండాలి, నీళ్లు కారకూడదు. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైందన్నమాట, ఇంకాస్త ఎండుటాకు కలిపి తిరగేస్తే రెండు రోజుల్లో పోతుంది. ఎండాకాలమైతే రెండు నెలలకే నల్లటి మెత్తటి ఎరువు. వానాకాలం ఇంకా ఆలస్యం. ఎండుటాకులు ఎక్కడివంటే, వీధిలో చెట్లవే. అంతకుముందు వాటిని పోగేసి గేటు పక్కనే తగలబెట్టేవాళ్లు, ఆ పొగ అంతా కింది అంతస్తుల్లోకి వచ్చేది. ఇప్పుడు ఆకులు చాలక పక్క వీధి నుంచి తెచ్చుకుంటున్నాం.

రెండోది, గిన్నెల సెట్టు. సిద్దిపేట జిల్లాలో ఊళ్లలో స్టీలు బ్యాంకులు పెట్టారు. ఫంక్షన్లకి పళ్లేలు, గ్లాసులు, గిన్నెలు తీసుకెళ్లి, తోమి తిరిగి ఇవ్వాలి. అది చూసి మేమూ అందరం తలా కొంత వేసుకుని సెట్టు కొన్నాం. 2022 జూలై 1 నుంచి దేశంలో ప్లాస్టిక్ స్పూన్లు, స్ట్రాలు, థర్మోకోల్ అలంకరణల్లాంటివి నిషేధించారు కదా, అయినా పుట్టినరోజులకి ఏదో ఒక రూపంలో పారేసే సామానే వస్తోంది. ఇంట్లోనే పళ్లేలు ఉన్నాక ఆ కొనుగోలు తగ్గింది. తోమే మనిషికి విడిగా డబ్బులివ్వాలని ముందే నిర్ణయించాం. లేకపోతే మన పుణ్యం ఆవిడ నడుం మీద పడుతుంది.

చిన్నవి ఇంకా ఉన్నాయి. మంచినీళ్ల మిషన్ నుంచి వదిలేసే నీళ్లు బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి వాడతాం. ఆ మిషన్లు మనకిచ్చే నీళ్ల కన్నా వదిలేసేవే ఎక్కువగా ఉంటాయి చాలా ఇళ్లలో. టెక్స్టు బుక్కులు మార్చుకోవడానికి కింద హాల్లో ఒక షెల్ఫు పెట్టాం. కుంకుడుకాయలు గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొంటాను. రోజూ కుదరదు, ఆదివారం తలంటుకి. మా అబ్బాయికి ఆ నురగ కళ్లలో పడితే మంటని కోపం, నాకూ అలాగే ఉండేది.

ఏసీ వాడకం తగ్గించడం మాత్రం మా వల్ల కాలేదు. మే నెలలో పై అంతస్తులో ఉండి చూసినవాళ్లకి తెలుస్తుంది. పైకప్పుకి తెల్ల పెయింటు వేయించాక గది కొంచెం చల్లబడింది. ఈసారి మొత్తం డాబాకి వేయిద్దామని అనుకుంటున్నాం.

అమ్మ ఇప్పుడు మాతోనే ఉంటోంది. మోకాళ్ల నొప్పి వల్ల డాబా ఎక్కలేదు, అందుకని డ్రమ్ముల సంగతి మమ్మల్ని అడిగి తెలుసుకుంటుంది. పోయిన కార్తీకంలో ఆవిడే బొంత మాట ఎత్తింది. కింద ఫ్లాటు ఆవిడ రెండు వెంకటగిరి చీరలు ఇచ్చారు. ఎదురు ఫ్లాటులో ఉండే తమిళ దంపతులు ఒక పాత చుంగుడి చీర తెచ్చారు. నావి రెండు. శనివారం సాయంత్రాలు హాల్లో చాప పరిచి కుడుతున్నాం. మా అబ్బాయి, వాడి స్నేహితురాలు సూదిలో దారం ఎక్కించి ఇస్తారు. ఇంకా సగం కూడా కాలేదు. కుట్లు దూరం దూరం పడుతున్నాయని, ఉతికినప్పుడు పొరలు జరిగిపోతాయని అమ్మ ఒక వరస మొత్తం విప్పించింది. దగ్గర కుట్టు ఎంత దగ్గరగా ఉండాలో చూపించడానికి తనే సూది తీసుకుని ఒక జానెడు కుట్టి ఇచ్చింది. ఇప్పుడు మేమంతా ఆ జానెడు చూసుకుంటూ కుడుతున్నాం. ఇంకో చీర తక్కువ పడుతోంది. ఉతికి ఉతికి మెత్తబడిన నేత చీర ఎవరి దగ్గరున్నా సరే, రంగు గురించి పట్టింపు లేదు.